పేగుల్లోని బాక్టీరియాకు, ఎముకల బలానికి సంబంధం ఎంతవరకు నిజం?

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి మీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. అరవై ఒక్క ఏళ్ల మీ అమ్మగారు వాకిట్లో జారి పడితే కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పిన తరువాత ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ తీయిస్తే తుంటి దగ్గర టీ స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి చెప్పే అంకె, సున్నాకు ఎంత దిగితే ఎముక అంత పలచన) మైనస్ 2.8, నడుము పూసల దగ్గర మైనస్ 0.6 అని వచ్చింది. ఆమెకు కడుపు ఉబ్బరం, ఛాతీలో మంట ఉన్నాయి, ఆరేళ్లుగా రోజూ పరగడుపున గ్యాస్ గోలీ వేసుకుంటున్నారు. తెలిసినవారొకరు రోగమంతా పేగుల్లోనే ఉందని, మంచి బాక్టీరియా కలిపిన పొడి మూడు నెలలు తాగితే ఎముకలు వాటంతట అవే గట్టిపడతాయని, ఇక కాల్షియం గోలీలతో పని లేదని చెప్పి ఒక డబ్బా అమ్మారు. ఆ మాటలో నిజమెంత, పదమూడేళ్ల మీ అమ్మాయి విషయంలో ఇప్పటినుంచే ఏమైనా చేయాలా అన్నది మీ సందేహం.

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో చాలా కాలం వైద్యుడిగా పనిచేసినవాణ్ని కాబట్టి, ముందుగా నా అభిప్రాయం చెప్పి తరువాత కారణాలు రాస్తాను. పేగుల్లోని బాక్టీరియాకు, ఎముకలకు సంబంధం ఉందన్నది నిజమే. దాని మీద పదిహేనేళ్లుగా గట్టి పరిశోధన జరుగుతోంది. అయితే ఆ పరిశోధన ఇంతవరకు చూపించినదానికి, మీకు డబ్బా అమ్మినవారు చెప్పినదానికి చాలా దూరం ఉంది. మీ అమ్మగారి విషయంలో ఆ పొడి కంటే ముందు చూడవలసినవి మూడు ఉన్నాయి: ఆమె ఇన్నేళ్లుగా తాగిన నీళ్లు, ఆ గ్యాస్ గోలీ, విరిగిన మణికట్టు చెబుతున్న అసలు జబ్బు.

ఎముక ఒకసారి తయారై అలాగే ఉండిపోయే వస్తువు కాదు. పాత ఎముకను కరిగించే కణాలు, కొత్త ఎముకను కట్టే కణాలు జీవితాంతం పక్కపక్కనే పనిచేస్తుంటాయి. పెద్దవారి ఎముకల్లో ఏటా సుమారు 10 శాతం ఇలా కొత్తది అవుతుంది. కరిగించే పని కట్టే పనిని మించిపోతే ఎముక గుల్లబారుతుంది. స్త్రీలలో ముట్లు ఆగిన తరువాత ఈస్ట్రోజెన్ తగ్గడంతో జరిగేది ప్రధానంగా ఇదే. ఇందులో పేగు బాక్టీరియాకు పాత్ర ఉందని మొదట స్పష్టంగా చూపినవారిలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉన్నారు. ఒక్క సూక్ష్మజీవి కూడా సోకకుండా పెంచిన ఎలుకల్లో మామూలు ఎలుకల కంటే ఎముక ఎక్కువగా ఉందని, వాటికి మామూలు ఎలుకల పేగు బాక్టీరియాను ఎక్కించగానే ఆ తేడా పోయిందని వారు 2012లో ప్రచురించారు. ఆ తరువాత 2016లో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం వారు ఇంకొక అడుగు ముందుకు వేశారు. అండాశయ హార్మోన్లు లేకుండా చేస్తే మామూలు ఎలుకలకు ఎముక తరిగింది కానీ, బాక్టీరియా లేని ఎలుకలకు తరగలేదు. ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు పేగు గోడ కాస్త వదులై, లోపలి బాక్టీరియా పదార్థాలు రోగనిరోధక కణాలను రెచ్చగొడతాయని, ఆ కణాలు విడుదల చేసే రసాయనాలు ఎముకను కరిగించే కణాలను పెంచుతాయని వారు వివరించారు. అవే మామూలు ఎలుకలకు కొన్ని రకాల లాక్టోబాసిల్లస్ బాక్టీరియాను తినిపిస్తే ఎముక నష్టం ఆగింది.

ఇంతవరకు చదివితే బాక్టీరియా ఎముకకు శత్రువులే అనిపిస్తుంది. కానీ అదే 2016లో వచ్చిన ఫ్రెంచి పరిశోధనలో, సరైన తిండి లేని పిల్ల ఎలుకలు ఒక రకం లాక్టోబాసిల్లస్ ఉన్నప్పుడు లేనివాటి కంటే బాగా ఎదిగాయి. కాలేయం నుంచి వచ్చే ఐజీఎఫ్-1 అనే ఎదుగుదల హార్మోను పెరగడం అందుకు కారణమని తేలింది. అంటే ఏ బాక్టీరియా, ఏ వయసులో, ఏ తిండితో అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. అందువల్ల 'మంచి బాక్టీరియా' అని డబ్బా మీద రాసి ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు.

ఈ బాక్టీరియా మనకు చేసే మేలులో నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపించేది పీచును పులియబెట్టడం. మనం తిన్న పీచు చిన్నపేగులో అరగదు. అది పెద్దపేగుకు చేరినప్పుడు అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాలను తయారుచేస్తాయి. వాటివల్ల పెద్దపేగులో కాస్త పులుపు పెరిగి, కాల్షియం కరిగి, చిన్నపేగులో అందకుండా మిగిలిపోయిన దానిలో కొంత అక్కడ రక్తంలోకి చేరుతుంది. మనం తిన్న కాల్షియంలో సాధారణంగా మూడో వంతు కూడా ఒంటికి పట్టదు కాబట్టి ఈ కొంత కూడా లెక్కలోకి వస్తుంది. పైగా ప్రొపియోనేట్, బ్యూటిరేట్ రక్తం ద్వారా ఎముక వరకు వెళ్లి, కరిగించే కణాల జోరు తగ్గిస్తాయని ఎలుకల మీద 2018లో చూపించారు.

ఇక మనుషుల సంగతి. 75 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 90 మంది స్వీడిష్ స్త్రీలకు ఏడాది పాటు లాక్టోబాసిల్లస్ రియుటెరి అనే బాక్టీరియాను ఇచ్చి చూశారు. ఉత్తుత్తి పొడి తీసుకున్నవారికి కాలి ఎముక సాంద్రత 1.85 శాతం తగ్గితే, బాక్టీరియా తీసుకున్నవారికి 0.83 శాతం తగ్గింది. 2018లో వచ్చిన ఈ ఫలితం చాలామందికి ఆశ కలిగించింది. మరుసటి ఏడాది, ముట్లు ఆగి ఎక్కువ కాలం కాని 249 మంది మీద మూడు రకాల లాక్టోబాసిల్లస్ మిశ్రమంతో జరిగిన పరీక్షలో నడుము పూసల దగ్గర నష్టం ఆగినట్టు కనిపించింది. అయితే మొదటి పరీక్షలో వాడిన ఆ రియుటెరినే ముట్లు ఆగిన 239 మంది స్త్రీలకు రెండేళ్లు ఇచ్చి చూస్తే ఎముక సాంద్రతలో ఏ తేడా రాలేదని 2024లో ప్రచురించారు. ఫలితం వచ్చిన చోట కూడా అది నష్టం కొంత నెమ్మదించడమే తప్ప, గుల్లబారిన ఎముక మళ్లీ గట్టిపడటం కాదు. ఇవన్నీ సాంద్రతను కొలిచిన పరీక్షలు. ఎముకలు విరగడం తగ్గిందని వీటిలో ఏదీ చూపలేదు. ఇప్పటికే ఒక ఎముక విరిగిన మనిషికి మూడు నెలల పొడితో సరిపోతుందని, కాల్షియం కూడా మానవచ్చని చెప్పడం ప్రమాదకరమైన సలహా. కొన్న డబ్బా మామూలుగా హాని చేయదు కాబట్టి పారేయమని అనను కానీ, రెండోది కొనకండి. ఆ డబ్బుతో పాలు, పెరుగు కొనండి.

తిండి విషయంలో మన ప్రాంతానికి గట్టి బలం ఉంది, ఒక లోటు కూడా ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే ఉంటే, జొన్నల్లో 10 గ్రాములు, తైదల్లో (రాగుల్లో) 11 గ్రాములు ఉంటుంది. మన పెద్దలు జొన్న రొట్టె, గట్క, అంబలితో బతికిన కాలంలో పేగు బాక్టీరియాకు మేత కరువు లేదు. ఇప్పుడు మూడు పూటలా సన్నబియ్యం అన్నమే అయిన ఇళ్లలో ఆ మేత బాగా తగ్గింది. కానీ జొన్నల్లో కాల్షియం 100 గ్రాములకు 28 మిల్లీగ్రాములు మాత్రమే. తైదల్లో అది 364 మిల్లీగ్రాములు. ఈ తేడా ఎంత ముఖ్యమైనదో మన జిల్లా చరిత్రే చెబుతుంది. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో నల్లగొండ పల్లెల పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగి, ఎముకలు గుల్లబారిన జబ్బును ప్రపంచానికి వివరించారు. ఫ్లోరైడ్ నీళ్లకు తోడు జొన్నే ప్రధానాహారంగా ఉండి, పాలు పెరుగు దొరకని పేద ఇళ్లలోనే అది ఎక్కువగా కనిపించింది. కాబట్టి జొన్న రొట్టె తినండి అని చెప్పినప్పుడల్లా, దాని పక్కన ఒక గిన్నెడు పెరుగో, పప్పు కలిపిన ఆకుకూరో ఉండాలని కూడా నేను తప్పక చెబుతాను.

తైద అంబలి గురించి ప్రత్యేకంగా రాయాలి. తైదలు, జొన్నల పొట్టులో ఫైటేట్ అనే పదార్థం ఉండి కాల్షియాన్ని, ఇనుమును పట్టి ఉంచుతుంది. తైద పిండిని సాయంత్రం నీళ్లలో జారుగా కలిపి మూత పెట్టి ఉంచితే, మన ఎండలకు తెల్లారేసరికి పైన సన్నటి నురగ కట్టి పుల్లటి వాసన వస్తుంది. రాత్రంతా ఆ గిన్నెలో బాక్టీరియా చేసిన పనివల్ల ఫైటేట్ కొంతవరకు విడిపోతుంది. పొద్దున దాన్ని మరుగుతున్న ఎసట్లో పోసి ఉండలు కట్టకుండా కలుపుతూ ఉడికిస్తే ఆ బాక్టీరియా చచ్చిపోతుంది కానీ, అది చేసిపెట్టిన మేలు మిగులుతుంది. చల్లారిన తరువాత ఇంట్లో తోడేసిన పెరుగు చిలికిన చల్ల కలుపుకుంటే బతికి ఉన్న బాక్టీరియా కూడా కడుపులోకి వెళ్తుంది. చాలామంది అంబలి వేడిగా ఉన్నప్పుడే చల్ల పోస్తారు, అప్పుడు ఆ లాభం పోతుంది. ఇంటి పెరుగులోని బాక్టీరియా పరీక్షల్లో వాడిన రకమే కానక్కరలేదు. అది పేగుల్లో స్థిరపడిపోతుందని కూడా నేను చెప్పను. అయినా పెరుగు ద్వారా కాల్షియం, మాంసకృత్తులు ఎలాగూ వస్తాయి.

దీనితో పాటు ఉలవలు, పెసలు, బెబ్బర్లు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ బాక్టీరియాకు బాగా పనికివచ్చే పీచునిస్తాయి. నువ్వుల్లో కాల్షియం 100 గ్రాములకు 1,200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. రోజూ రెండు చెంచాల నువ్వుల పొడి అన్నంలో కలుపుకోవడం కష్టమైన పని కాదు. మునగాకు కూడా మంచిది. మీ అమ్మగారికి కడుపు ఉబ్బరం ఉంది కాబట్టి ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. పీచు ఒక్కసారిగా పెరిగితే గ్యాస్ ఎక్కువై, ఆమె రెండో రోజే మానేస్తారు. వారానికొకటి చొప్పున కొద్దికొద్దిగా పెంచితే పేగులు అలవాటు పడతాయి. ముట్లు ఆగిన స్త్రీలకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. తిండితో అంత అందకపోతే మిగిలింది గోలీ ద్వారా ఇవ్వక తప్పదు.

గ్యాస్ గోలీ విషయానికి వస్తాను. మీరు పేరు రాయలేదు కానీ, పరగడుపున రోజూ వేసుకునేది సాధారణంగా పాంటోప్రజోల్, ఒమిప్రజోల్ కుటుంబానికి చెందినదై ఉంటుంది. ఇవి కడుపులో ఆమ్లాన్ని బాగా తగ్గిస్తాయి. మామూలుగా ఆ ఆమ్లానికి చచ్చిపోవలసిన నోటి బాక్టీరియా అప్పుడు బతికి పేగుల్లోకి చేరుతుంది. పేగు బాక్టీరియా తీరునే మార్చేసే మందుల్లో ఇవి ముఖ్యమైనవి. వీటిని ఏళ్ల తరబడి వాడేవారిలో తుంటి, మణికట్టు, వెన్నెముక విరిగే ముప్పు పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో హెచ్చరిక జారీ చేసింది. ఇంకొక చిక్కు ఏమిటంటే, మందుల షాపులో మామూలుగా ఇచ్చే కాల్షియం కార్బొనేట్ గోలీ కరగడానికి ఆమ్లం కావాలి. గ్యాస్ గోలీ వాడుతూ దాన్ని పరగడుపున వేసుకుంటే చాలా భాగం వృథా అవుతుంది. కార్బొనేట్ అయితే అన్నంతో పాటు వేసుకోవాలి, లేదా డాక్టరును అడిగి సిట్రేట్ రకానికి మారాలి.

అయితే గ్యాస్ గోలీని రేపటినుంచే ఆపేయవద్దు. ఒక్కసారిగా ఆపితే ఆమ్లం ముందుకంటే ఎక్కువగా ఊరి, మంట తిరగబెడుతుంది. ముందు అది ఎందుకు మొదలైందో కనుక్కోండి. మన పల్లెల్లో మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి నొప్పి గోలీలు వాడటం, వాటితో కడుపులో మంట రావడం, ఆ మంటకు గ్యాస్ గోలీ మొదలవడం చాలా ఇళ్లలో చూశాను. కారణం అదే అయితే నొప్పి గోలీ తగ్గించి, డాక్టరు పర్యవేక్షణలో గ్యాస్ గోలీ మోతాదును మెల్లగా దించవచ్చు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగేవారికి ఆ నీళ్లవల్లే వికారం, కడుపునొప్పి, ఉబ్బరం రావడం కూడా మామూలే. నీళ్లు మార్చిన కొన్ని వారాలకే అవి తగ్గినవారు ఎందరో ఉన్నారు.

మీ ప్రశ్న మొత్తంలో నన్ను అన్నింటికంటే ఆలోచింపజేసింది ఆ రెండు టీ స్కోర్ల మధ్య తేడా. తుంటి దగ్గర మైనస్ 2.8 అంటే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు. నడుము దగ్గర మైనస్ 0.6 అంటే దాదాపు మామూలు. వయసుతో వచ్చే వెన్నుపూసల అరుగుదల వల్ల కూడా నడుము స్కోరు మంచిగా కనిపించవచ్చు. కానీ దేవరకొండ, మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషిలో ఈ తేడా కనిపిస్తే నేను మొదట ఫ్లోరైడ్‌నే అనుమానిస్తాను. ఫ్లోరైడ్ వెన్నెముకలో ఖనిజాన్ని పేరుస్తుంది, స్కాన్‌లో అంకె బాగా వస్తుంది, ఎముక మాత్రం పెళుసుగా ఉంటుంది. దీనికి స్పష్టమైన ఆధారం ఉంది. ఒకప్పుడు ఫ్లోరైడ్‌నే ఆస్టియోపొరోసిస్‌కు మందుగా వాడి చూశారు. అమెరికాలోని మేయో క్లినిక్ వారు 202 మంది స్త్రీల మీద నాలుగేళ్లు జరిపి 1990లో ప్రచురించిన పరీక్షలో, సోడియం ఫ్లోరైడ్ తీసుకున్నవారికి నడుము పూసల సాంద్రత 35 శాతం పెరిగింది, ముంజేతి ఎముకలో 4 శాతం తగ్గింది. పూసలు విరగడం చెప్పుకోదగినంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. మీ అమ్మగారికి విరిగింది కూడా మణికట్టే.

దీన్ని తేల్చుకోవడానికి మొదటి ఆధారం మీ ఇంట్లోనే ఉంటుంది. మణికట్టు విరిగినప్పుడు తీసిన ఎక్స్‌రే ప్లేటులో ముంజేయి కూడా పడి ఉంటే దాన్ని వెలుతురుకు పెట్టి చూడండి. ముంజేతిలోని రెండు ఎముకల నడుమ ఖాళీగా ఉండవలసిన చోటికి, ఎముకల అంచుల నుంచి తుమ్మముళ్ల మాదిరి తెల్లటి మొనలు పొడుచుకువచ్చి ఉంటే అది ఫ్లోరోసిస్‌కు, అంటే ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బుకు, గట్టి గుర్తు. కనిపించకపోయినా ఆ ప్లేటును తీసుకెళ్లి ఎముకల డాక్టరుకు ఈ అనుమానం చెప్పండి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, ఎంత లేదన్నా 1.5 దాటకూడదు. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వస్తున్నా, నల్లా రాని రోజున బోరు నీళ్లే తాగడం, వంటకూ టీకీ బోరు నీళ్లే వాడటం చాలా ఇళ్లలో ఉంది. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఫ్లోరైడ్ ఒంటికి పట్టేది కూడా జీర్ణాశయం, పేగుల నుంచే. తిండిలో కాల్షియం తగినంత ఉంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి కరగని పదార్థంగా మారి మలంతో పోతుంది. కాల్షియం లేని పేగు ఫ్లోరైడ్‌ను దాదాపు మొత్తం పీల్చుకుంటుంది. మన జిల్లాలో కాల్షియం మానేయమనే సలహా అందుకే మిగతా చోట్ల కంటే ఎక్కువ హాని చేస్తుంది.

నిలబడిన ఎత్తు నుంచి పడితేనే మణికట్టు విరగడం, పైగా తుంటి స్కోరు అలా ఉండటం వల్ల మీ అమ్మగారికి ఎముకల మందు అవసరం అనడంలో నాకు సందేహం లేదు. అది ఏదన్నది పరీక్షల తరువాత తేలాలి. రక్తంలో కాల్షియం, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోను, కిడ్నీల పనితీరు చూడనిదే ఏడాదికొకసారి ఇచ్చే ఇంజెక్షన్ గానీ వారానికొక గోలీ గానీ మొదలుపెట్టకూడదు. ఫ్లోరోసిస్ ఉన్నవారిలో కిడ్నీ పరీక్ష మరీ ముఖ్యం. ఒంట్లోని ఫ్లోరైడ్ ప్రధానంగా మూత్రం ద్వారానే పోవాలి. వారానికొకసారి గోలీ రాస్తే, గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని అర గంట పాటు పడుకోకుండా ఉండాలి. ఛాతీలో మంట ఉన్న సంగతి డాక్టరుకు ముందే చెబితే ఆయన ఇంజెక్షన్ వైపు మొగ్గుతారు.

మీ అమ్మాయి విషయంలో బాక్టీరియా పరిశోధన ఎక్కువ ఆశ కలిగిస్తుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో సుమారు 100 మంది ఎదిగే వయసు పిల్లల మీద జరిగిన పరీక్షలో, రోజుకు 8 గ్రాముల ఇన్యులిన్ రకం పీచు ఏడాది పాటు ఇస్తే కాల్షియం ఎక్కువ పట్టి, ఒంట్లో ఎముక ఖనిజం ఇవ్వనివారి కంటే సుమారు 35 గ్రాములు ఎక్కువ చేరిందని 2005లో ప్రచురించారు. ఆ పిల్లలు రోజూ 900 నుంచి 1,000 మిల్లీగ్రాముల కాల్షియం తింటున్నారన్నది మరచిపోవద్దు. పీచు పనిచేయాలన్నా ముందు పేగులో కాల్షియం ఉండాలి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డలో ఉండే పీచు ఆ రకమే అయినా, రోజూ 8 గ్రాములు రావడానికి సరిపడా ఉల్లి పిల్లలు తినరు. అందుకే పప్పులు, జొన్నలు, తైదలు అన్నీ కలిపి పెట్టాలి, పూటకో గ్లాసు పాలు లేదా గడ్డపెరుగు ఇవ్వాలి. రోజూ కాసేపు ఎండలో ఆడనివ్వాలి. బడికి నీళ్ల సీసా ఇంటినుంచే పంపండి. ఒకసారి ఆ పిల్లను మోకాళ్లు ఆనించి నిటారుగా నిలబెట్టి, చీలమండల మధ్య ఎడం కొలవండి. అది 8 సెంటీమీటర్లు దాటితే ఈ నెలలోనే ఎముకల డాక్టరుకు చూపించండి. ఎదుగుదల మిగిలి ఉన్నంతవరకే చిన్న పలకలు బిగించి కాళ్లను సరిచేసే వీలుంటుంది, ఆడపిల్లల్లో ఆ వీలు పద్నాలుగు, పదిహేనేళ్లకే ముగిసిపోతుంది.